తెలిసింది చెప్పని బ్రోకరుకు కమీషన్ ఎందుకివ్వాలి?

మా తమ్ముడు ఒంగోలులో ఇల్లు కొనాలని చూస్తున్నాడు. ఉద్యోగం అక్కడే, పిల్లల చదువు అక్కడే, ఇంకెంతకాలం అద్దెలు కడతామని మరదలు పట్టుబట్టింది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, బ్రోకరు రెండు శాతం అడుగుతున్నాడు. 60 లక్షల ఇంటికి అది 1,20,000. అంత తీసుకుని ఆయన మనకేం చెయ్యాలి?" అని అడిగాడు. మేము నెల్లూరులో ఇల్లు కొన్నప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది. అప్పుడు సరైన జవాబు చెప్పినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. తమ్ముడికి ఫోన్‌లో చెప్పిన మాటలనే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

మన వైపు బ్రోకర్ల గురించి రెండు రకాల మాటలు వింటాం. "వాళ్ళంతా మోసగాళ్ళు, దగ్గరికి రానివ్వొద్దు" అనేది ఒకటి. "అంతా ఆయనే చూసుకుంటాడు, మనం పోయి సంతకం పెట్టి రావడమే" అనేది రెండోది. మొదటి మాట పట్టుకున్నవాళ్ళకి ఏ వీధిలో ఏ ఇల్లు అమ్మకానికుందో కూడా తెలియదు. రెండో మాట నమ్మినవాళ్ళు ఆయన చెయ్యలేని పనిని ఆయన నెత్తిన పెట్టి, తర్వాత కోర్టుల చుట్టూ తిరుగుతారు. బ్రోకరు నుంచి నేను కోరేది ఒక్కటే. ఆ ఇంటి గురించి తనకు తెలిసినదంతా కొనేవాళ్ళకి చెప్పాలి. వాళ్ళు అడిగినా అడక్కపోయినా చెప్పాలి, అడ్వాన్సు చేతులు మారకముందే చెప్పాలి. ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నాడన్నది కూడా ఆ తెలిసినదాంట్లో భాగమే.

ఆయన నుంచి కోరకూడనిది ముందు చెప్పేస్తాను. హక్కు పక్కాగా ఉందని ఆయన పూచీ పడలేడు. "డాక్యుమెంట్లన్నీ క్లియర్ మేడం" అనే మాటకు విలువ లేదు. రిజిస్ట్రార్ ఆఫీసు కూడా ఆ పూచీ ఇవ్వదు. అక్కడ రిజిస్టరు అయ్యేది దస్తావేజు. అమ్మేవాడికి నిజంగా హక్కు ఉందా లేదా అనేది తేల్చే పని ఆ ఆఫీసుది కాదు. అది మనం పెట్టుకున్న లాయరు చూడాలి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు, వెనక్కి 30 ఏళ్ళయినా చదివి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. ఆ లాయరు బ్రోకరు తీసుకొచ్చిన మనిషి అయి ఉండకూడదు. బ్యాంకు లోన్ ఇచ్చింది కదా, వాళ్ళ లాయరు చూశాడు కదా అనే ధీమా కూడా వద్దు. బ్యాంకు లాయరు బ్యాంకు డబ్బు కోసం చూస్తాడు.

లాయరుకి కాగితాల్లో కనబడనివి, ఆ ఊళ్ళో తిరిగే బ్రోకరుకి మాత్రమే తెలిసినవి చాలా ఉంటాయి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చుక్కల భూముల గొడవ తెలియని బ్రోకరు ఉండడు. బ్రిటిష్ కాలంనాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములవి. దశాబ్దాలుగా సాగు చేసుకుంటున్నవాళ్ళు కూడా అమ్ముకోలేక ఇబ్బందులు పడ్డారు. వాటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చారు. అసైన్డ్ భూముల సంగతి ఇంకా చిక్కు. 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూమి అమ్మకూడదు, కొనకూడదు. 2023లో ఆ చట్టం మార్చి 20 ఏళ్ళు దాటినవాటికి అమ్ముకునే హక్కు ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలా అమ్ముకునే హక్కు వచ్చిన (ఫ్రీహోల్డ్) భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. ఇలాంటి సర్వే నంబర్లో ప్లాటు చూపిస్తూ "త్వరలో క్లియర్ అవుద్ది, ఇప్పుడైతే రేటు తక్కువ" అనే బ్రోకరుకి తాను ఏం అమ్ముతున్నాడో బాగా తెలుసు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఇల్లు చూపించేముందు ఆ రెండూ తీసి పెట్టుకోవడం బ్రోకరుకి అరగంట పని. అంతమాత్రం చెయ్యని మనిషిని ఇంకో ఇల్లు చూపించమని అడగొద్దని తమ్ముడికి చెప్పాను.

ఒంగోలులో ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. 2023లో అక్కడ నకిలీ స్టాంపులు, నకిలీ దస్తావేజులతో ఇతరుల స్థలాలు కాజేసిన వ్యవహారం బయటపడింది. విచారణకి ప్రత్యేక బృందాన్ని వెయ్యాల్సి వచ్చింది. అసలు యజమాని ఎక్కడో దూరంలో ఉంటే, ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న స్థలం మీద కాగితాలు పుట్టించడం తేలిక. అందుకే అమ్మే మనిషిని కళ్ళారా చూపించమని బ్రోకరుని అడగాలి. యజమాని విదేశాల్లో ఉన్నాడు, ఆయన పవరాఫ్ అటార్నీ నా దగ్గర ఉంది అంటే ఆ పవరు నిజమైనదో కాదో, ఇంకా అమల్లో ఉందో లేదో రూఢి చేసుకోవాలి, యజమానితో వీడియో కాల్‌లో అయినా మాట్లాడించమనాలి. ఉత్త జీపీఏ (జనరల్ పవరాఫ్ అటార్నీ), అగ్రిమెంటు కాగితాల మీద ఇల్లు చేతులు మారితే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

ఇక నీళ్ళ సంగతి. దీని గురించి నేను ఊరుకోలేను.

నెల్లూరులో మేము ఇల్లు వెతికే రోజుల్లో ఒక బ్రోకరు పెన్నా వైపు ఒక ఇల్లు చూపించాడు. తూర్పు ముఖం, రెండు పడకగదులు, కొత్తగా సున్నాలు, రంగులు వేసి ఉంది, ధర కూడా మాకు అందేదే. వానాకాలంలో ఎలా ఉంటుందని అడిగాను. "నీళ్ళు ఇక్కడికి యాడొస్తాయక్కా, మీరేం టెన్షన్ పడొద్దు" అన్నాడు. మా ఆయన పక్కింటి పెద్దావిడని పలకరిస్తే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. 2021 నవంబరులో ఆ ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయట. బియ్యం, పరుపులు, బీరువాలో కాగితాలు, ఫ్రిజ్, అన్నీ పోయాయట. ఆ బ్రోకరు ఆ పేటలోనే పుట్టి పెరిగినవాడు. సోమశిల డ్యాం నుంచి వదిలిన నీటితో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట తెగి, హైవే కోసుకుపోయి, రాకపోకలన్నీ ఆగిపోయిన రోజులవి. జిల్లాలో ఎవరూ మర్చిపోయే సంగతి కాదు.

నదికి దగ్గరగా ఇల్లు కొనుక్కునేవాళ్ళు ఉంటారు. పని దగ్గరని, ధర తగ్గిందని, బేస్‌మెంటు ఎత్తు పెంచుకుని కట్టుకోవచ్చని కొంటారు. ఆ లెక్క వాళ్ళది. కానీ లెక్క వేసుకోవాలంటే ముందు నీళ్ళొస్తాయని తెలియాలి కదా! దాచిపెట్టి అమ్మితే కొన్నవాళ్ళ సామానుతో పాటు లోన్ కట్టే స్తోమత కూడా ఆ వరదలోనే పోతుంది. ఇది నాకు చిన్న అబద్ధంలా అనిపించదు.

పెన్నా ఒక్కటే కాదు. నెల్లూరులో సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, ఒంగోలులో పోతురాజు కాలువ, వీటి పక్కన ఉన్న ఇళ్ళకి గట్టి వాన పడితే ఏం జరుగుతుందో అక్కడ ఇళ్ళు అమ్మేవాళ్ళకి కచ్చితంగా తెలుసు. కాలువ స్థలంలోకి గోడ జరిగిందా, రేపు మున్సిపాలిటీ వాళ్ళొచ్చి కొలిస్తే ఎంత పోతుందన్నది కూడా వాళ్ళకి తెలుసు. నెల్లూరు చుట్టూ కొత్త లేఅవుట్లు చాలావరకు నిన్నమొన్నటి వరి మాగాణులే. మట్టి ఎంత ఎత్తు తోలారు, రోడ్డు కంటే ప్లాటు పైకుందా కిందికుందా అని అడగాలి. ఒంగోలు వైపు నల్లరేగడి నేల. ఎండాకాలం పగిలి, వానాకాలం ఉబ్బే ఆ నేలలో పునాదులు గట్టిగా వెయ్యకపోతే గోడలు చీలతాయి. కొత్త రంగు కింద పగుళ్ళు పూడ్చిన జాడ ఉంటే, ఎప్పుడు పూడ్చారో అడగాలి.

వాననీళ్ళ తర్వాత తాగేనీళ్ళు. ఒంగోలులో కుళాయి నీళ్ళు రోజూ రావని అందరికీ తెలిసిందే. ఏ కాలనీకి ఎన్నాళ్ళకోసారి వస్తున్నాయి, బోరు ఎంత లోతు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయా, ఎండాకాలం ట్యాంకరు తెప్పించుకోవాలా, ఇవన్నీ బ్రోకరు నోటితో చెప్పాలి. కనిగిరి వైపు అయితే ఫ్లోరైడ్ గురించి అడగకుండా ఇల్లు చూడటమే వద్దు. మనవాళ్ళు ఈశాన్యం ఎంత పెరిగింది, వీధిపోటు ఉందా అని ముందు అడుగుతారు, బ్రోకర్లు వాస్తు గురించి గంటసేపు మాట్లాడతారు. నాకూ వాస్తు పట్టింపు ఉంది. అయినా ఆ గంటలో పావుగంట నీళ్ళకివ్వమంటాను.

పోర్టు వస్తుంది, ఎయిర్‌పోర్టు వస్తుంది, రేటు రెట్టింపవుతుంది అనే మాటలు మాత్రం వినకండి. కృష్ణపట్నం, రామాయపట్నం, దగదర్తి పేర్లు చెప్పి ఎన్ని ప్లాట్లు అమ్మారో మనందరం చూశాం. రేపటి ధర ఎవరికీ తెలియదు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఈ వృత్తిలో బాగా అలవాటైపోయింది.

కొలతల విషయం నెల్లూరులో కొత్తగా కొనేవాళ్ళు జాగ్రత్తగా వినాలి. మా దగ్గర స్థలం అంకణాల్లో చెప్తారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎనిమిది గజాలు. చిత్తూరు వైపు అంకణం అంటే 36 అడుగులే. ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు గజాల్లో, సెంట్లలో ఆలోచిస్తారు. 40 అంకణాలంటే 320 గజాలు, దాదాపు 6.6 సెంట్లు. అంకణం రేటు విని గజం రేటు అనుకునో, రెండు ఊళ్ళ లెక్కలు కలిపేసుకునో గందరగోళపడేవాళ్ళు చాలామంది. మొదటి రోజే బ్రోకరు ఆ లెక్కని కాగితం మీద రాసివ్వాలి. దస్తావేజులో ఉన్న కొలత ఎంత, టేపు పెట్టి కొలిస్తే ఎంత వచ్చింది, రెండూ పక్కపక్కన రాయాలి. ఫ్లాటు అయితే కార్పెట్ ఏరియా, అంటే లోపల మనం వాడుకునే చోటు, ఎంత, స్థలంలో మన వాటా ఎంత, ప్లానులో లేని అంతస్తు పైన కట్టారా అన్నది రాయాలి. "1,200 అడుగుల ఫ్లాటు" అని చూపించి, లోపల మంచం, బీరువా వేస్తే నడవడానికి చోటు లేని గదులు నేను చాలా చూశాను.

డబ్బు విషయంలో కొనేవాళ్ళకి అసలు కనబడని సంగతి ఒకటుంది. అమ్మేవాడు బ్రోకరుతో "నాకు నెట్టుగా 52 లక్షలు ఇప్పించు, పైన ఎంతొస్తే అది నీది" అంటాడు. బ్రోకరు మన దగ్గరికొచ్చి 58 చెప్తాడు. మనం బతిమాలి 57కి ఒప్పిస్తాం, మన కోసం లక్ష తగ్గించాడని సంతోషపడతాం, పైగా రెండు శాతం కమీషన్ చేతిలో పెడతాం. ఆయనకి అప్పటికే అటు నుంచి అయిదు లక్షలు మిగిలాయి. అలాంటి బేరంలో ఆయన మన తరఫున మాట్లాడే అవకాశమే లేదు, ధర తగ్గిన ప్రతి రూపాయీ ఆయన జేబులోంచే పోతుంది. ఇంకొందరు అమ్మేవాడికి కొంత అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటారు. గడువులోగా ఇంకొకరికి ఎక్కువకి తిప్పేస్తారు. అప్పుడు ఆయన వ్యాపారి, మనం ఆయన దగ్గర కొంటున్నాం. వ్యాపారం చేసుకోవడం తప్పు కాదు. కానీ వ్యాపారికి లాభంతో పాటు కమీషన్ కూడా ఎందుకివ్వాలి?

రెండు వైపులా కమీషన్ తీసుకోవడం మన ఊళ్ళలో మామూలే. దాన్ని నేను తప్పుపట్టను. పెళ్ళి సంబంధం కుదిర్చిన మనిషికి రెండు ఇళ్ళవాళ్ళూ బట్టలు పెట్టినట్టే అది. చెప్పి తీసుకోమంటాను, అంతే. "అటు ఒక శాతం, ఇటు ఒక శాతం, మధ్యలో నాకేం లేదు" అని ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టే బ్రోకరు దొరికితే, నేనైతే ఆయన చూపించే ఇళ్ళే ముందు చూస్తాను. ధర ఖరారయ్యే మాటలు జరిగేటప్పుడు అమ్మేవాళ్ళు ఎదురుగా ఉండాలని కూడా పట్టుబట్టండి. ఒప్పుకోని బ్రోకరు ఎందుకు ఒప్పుకోవడం లేదో మీకే అర్థమవుతుంది.

ఇవన్నీ నా సొంత కోరికలు కావు, కొన్నింటికి చట్టం ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం బిల్డర్లకే అని చాలామంది అనుకుంటారు. అందులో ఏజెంట్ల గురించి కూడా ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, అంటే మా లెక్కలో సుమారు 75 అంకణాలు, లేదా ఎనిమిది ఫ్లాట్లకు మించి కట్టి అమ్మేది ఏదైనా రెరాలో నమోదు కావాలి. ఆ ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో అమ్మించే ఏజెంటు కూడా నమోదు కావాలి. నమోదు కాని ప్రాజెక్టుని అమ్మించకూడదు, లెక్కల పుస్తకాలు రాయాలి, లేని సౌకర్యాలు ఉన్నట్టు చెప్పకూడదు, బుకింగ్ సమయానికి కొనేవాళ్ళకి రావలసిన సమాచారం, కాగితాలు అందేలా చూడాలి. నమోదు లేకుండా అమ్మిస్తే రోజుకి 10,000 చొప్పున, ఆ ఆస్తి విలువలో అయిదు శాతం దాకా జరిమానా పడొచ్చు. బిల్డరు కూడా అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొత్త వెంచరు చూపించడానికి కారులో తీసుకెళ్ళే ఏజెంటుని, కారు ఎక్కకముందే తన రెరా నంబరు, వెంచరు రెరా నంబరు, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అయితే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడగండి. అడిగితే ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

కానీ మా తమ్ముడు చూస్తున్నది పదేళ్ళ కిందట కట్టిన ఇల్లు. ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు కొనుక్కునే పాత ఇళ్ళ బేరాలకి రెరాలో ఏజెంటు నమోదు అక్కర్లేదు. మన రెండు జిల్లాల్లో మధ్యతరగతివాళ్ళు కొనే ఇళ్ళలో ఇలాంటివి తక్కువేం కాదు. అంటే నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చుని జీవితకాలం పొదుపుని చేతులు మార్చే మనిషికి ఏ లైసెన్సూ అవసరం లేదు. ఆటో నడిపే మనిషిని లైసెన్సు అడుగుతాం, ఇల్లు అమ్మించే మనిషిని అడగం. ఈ తేడా పోవాలి. పాత ఇళ్ళ బేరాలు చేయించేవాళ్ళ పేర్లు కూడా నమోదు చేసి, కమీషన్‌కి రసీదు తప్పనిసరి చేస్తే, నిజాయితీగా చేసేవాళ్ళకే ముందు మేలు జరుగుతుంది.

నిజాయితీగా చేసేవాళ్ళు ఉన్నారు. వేదాయపాళెం వైపు మాకొక ఇల్లు బాగా నచ్చింది. అడ్వాన్సు ఇస్తామని అంటే, చూపించిన బ్రోకరే ఆపాడు. "మేడం, ఇది వాళ్ళ నాన్నగారి ఆస్తి. అన్నదమ్ములిద్దరూ అమ్ముతామంటున్నారు కానీ ఇద్దరు ఆడపిల్లలున్నారు, వాళ్ళ సంతకాలు లేకుండా మీరు ముందుకెళ్ళొద్దు. చిన్నమ్మాయి ఒప్పుకోలేదని నాకు తెలుసు" అన్నాడు. 1986లోనే మన రాష్ట్రం ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా చెల్లెళ్ళని అడక్కుండా అమ్మేసే అన్నలు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట చెప్పినందుకు ఆ బ్రోకరుకి ఆ బేరంలో రూపాయి రాలేదు. చివరికి మేము కొన్న ఇల్లు ఆయన చూపించిందే. అడిగిన కమీషన్‌లో పైసా తగ్గించకుండా ఇచ్చాం.

ఇక్కడ కొనేవాళ్ళ తప్పు కూడా చెప్పాలి. బ్రోకరుతో పది ఇళ్ళు చూసి, నచ్చిన ఇంటి యజమాని నంబరు పట్టుకుని వెనక నుంచి బేరం చేసుకునేవాళ్ళని నేను ఎరుగుదును. ఎండలో తిరిగిన మనిషికి పెట్రోలు డబ్బులు కూడా ఇవ్వరు. అలా నాలుగుసార్లు దెబ్బ తిన్నవాడు అయిదోసారి యజమానిని దాచిపెడతాడు, నెట్ రేటు మాట్లాడుకుంటాడు. నిజం చెప్పే మనిషికి డబ్బు అందకపోతే ఈ పనిలో నిజం చెప్పేవాళ్ళు మిగలరు.

తమ్ముడికి చెప్పిన ఏర్పాటు ఇది. కమీషన్ ఎంతో ఇల్లు చూడకముందే రాసుకోవాలి. అందులో కొంత అగ్రిమెంటు రోజున, మిగతాది రిజిస్ట్రేషన్ అయి, ఇంటి పన్ను, కరెంటు మీటరు మన పేరు మీదికి మారాక ఇవ్వాలి. అడ్వాన్సు చెక్కుతోనో బ్యాంకు ద్వారానో నేరుగా అమ్మేవాళ్ళ ఖాతాకే వెళ్ళాలి, బ్రోకరు ఖాతాకి కాదు. స్థిరాస్తి అమ్మకానికి 20,000, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపన్ను చట్టం ఒప్పదు. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) కొనేవాళ్ళే మినహాయించి కట్టాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. 60 లక్షల మీద అది 4,50,000. ఈ ఖర్చులన్నీ మొదటి రోజే లెక్క కట్టి చెప్పడం కూడా ఆ రెండు శాతంలోకే వస్తుంది. తమ్ముడు ఆదివారం మళ్ళీ ఆ బ్రోకరుని కలుస్తున్నాడు. కమీషన్ సంగతి, నీళ్ళ సంగతి, అటువైపు ఎంత తీసుకుంటున్నాడన్న సంగతి ఒకే కాగితం మీద రాయమని అడగబోతున్నాడు. రాసిస్తే ఆ 1,20,000 ఇవ్వమనే చెప్పాను.